ఏ వస్తువుకి ఏ జిగురు? ఫెవిక్విక్ తీసే ముందు ఒకసారి ఆలోచించండి

ఇంట్లో ఏది విరిగినా మన చేయి ముందుగా ఫెవిక్విక్ మీదకే వెళ్తుంది. చెప్పు ఊడినా, బకెట్ చెవి పగిలినా, కప్పు పిడి విరిగినా అదే. రెండు చుక్కలు వేసి అర నిమిషం నొక్కి పట్టుకుంటాం. అంటుకున్నట్టే ఉంటుంది. నాలుగు రోజులు వాడేసరికి అదే చోట మళ్లీ ఊడుతుంది. ఊడటం కంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. విరిగిన అంచుల మీద పెళుసుగా గట్టిపడిన ఒక పొర మిగిలిపోతుంది. తర్వాత సరైన జిగురు తెచ్చి పూసినా అది వస్తువును పట్టుకోలేదు, ఈ పాత పొరను పట్టుకుంటుంది. పొర లేచిందంటే దానితో పాటు కొత్త జిగురూ లేచిపోతుంది. మొదటిసారి వేసేదే సరైనదై ఉండాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

షాపుకి వెళ్లి "అన్నిటికంటే గట్టి గమ్ము ఏది?" అని అడిగితే దానికి సరైన జవాబు ఉండదు. ఫెవికాల్‌తో బాగా అతికిన టేకు చెక్కను విరిస్తే అతుకు నిలబడి పక్కన చెక్క విరుగుతుంది. అంత గట్టి ఫెవికాల్‌ను రెండు గాజు పలకల మధ్య వేస్తే రోజులు గడిచినా తెల్లగా, తడిగానే ఉంటుంది. పట్టు అనేది ఒక్క జిగురులోనే ఉండదు. దాన్ని ఏ వస్తువుకి పూశాం, ఆ వస్తువు మీద పడే బరువు, నీళ్లు, వేడి ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఏది ఎలా గట్టిపడుతుంది?

ఈ ఒక్క విషయం తెలిస్తే తొంభై శాతం ఎంపిక మీరే చేసుకోగలరు. అందుకే దీని మీద కాస్త ఎక్కువ సేపు ఆగుదాం.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో పాలీవినైల్ అసిటేట్ అనే పదార్థం నీళ్లలో సన్నని కణాలుగా ఉంటుంది. నీళ్లు బయటికి పోతేనే ఆ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని పొర కడతాయి. కాబట్టి అతికించే రెండింటిలో కనీసం ఒకటైనా నీటిని పీల్చుకునేది కావాలి. చెక్క, అట్ట, కాగితం, గుడ్డ, కాల్చిన మట్టి పీల్చుకుంటాయి. స్టీలు, గాజు, ప్లాస్టిక్ పీల్చుకోవు. మన దగ్గర ఫెవికాల్ వచ్చింది 1959లో. అంతకుముందు వడ్రంగులు పశువుల చర్మం, ఎముకల నుంచి తీసిన బంకను నిప్పు మీద కరిగించి, చల్లారేలోపు పూసేవారు. డబ్బా మూత తీసి నేరుగా పూసుకోగలగడం వాళ్లకి ఎంత పెద్ద వెసులుబాటో ఊహించుకోవచ్చు.

ఫెవిక్విక్‌లో ఉండేది సైనోఅక్రిలేట్. 1942లో అమెరికాలో రసాయన శాస్త్రవేత్త హ్యారీ కూవర్ బృందం తుపాకుల గురి చూసే భాగానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతుంటే ఇది బయటపడింది. తాకిన ప్రతిదానికీ అంటుకుంటోందని అప్పట్లో పక్కన పెట్టేశారు. 1958లో ఈస్ట్‌మన్ కొడాక్ దాన్నే జిగురుగా అమ్మింది. ఇది ఆరడం వల్ల గట్టిపడదు. వస్తువు మీద కంటికి కనపడనంత పల్చగా ఉండే తేమ తగలగానే గడ్డకడుతుంది. పల్చని పొర అయితే తేమ అంతటికీ అందుతుంది, క్షణాల్లో పని అయిపోతుంది. ఎక్కువ పోస్తే లోపలిది ద్రవంగానే ఉండిపోతుంది. అంటే చుక్కలు పెంచే కొద్దీ పట్టు తగ్గుతుంది. రెండు ముక్కలు సందు లేకుండా కూర్చుంటేనే ఇది పనికొస్తుంది. గట్టిపడ్డాక పెళుసు కాబట్టి కింద పడినా, వంగినా, పక్కకి లాగినా పటుక్కున వదిలేస్తుంది.

అరాల్డైట్ లాంటివి రెండు ట్యూబులుగా వస్తాయి. ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. ఇది ఎపాక్సీ. రెండూ కలిస్తేనే రసాయన చర్య మొదలై గట్టిపడుతుంది. నీళ్లు పోవాల్సిన పని లేదు, గాలి తగలాల్సిన పని లేదు. అందుకే గాజుకి స్టీలు, రాయికి ఇనుము లాంటి ఏమీ పీల్చుకోని జంటలకి ఇదే దిక్కు. పొర మందంగా ఉన్నా లోపలి దాకా గట్టిపడుతుంది కాబట్టి ముక్కల మధ్య చిన్న సందులు ఉన్నా ఫర్వాలేదు. త్వరగా పట్టాలని హార్డెనర్ ఎక్కువ కలపకండి. ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లు తప్పితే అది ఎన్నటికీ పూర్తిగా గట్టిపడక జిడ్డుగా, రబ్బరులా మిగిలిపోతుంది. ఎమ్‌సీల్ కూడా ఎపాక్సీయే. ముద్దగా వస్తుంది, అంతే తేడా.

ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం, చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర డబ్బాలో ఉండే పసుపు బంక, ఫెవిబాండ్: ఇవన్నీ ద్రావకంలో కరిగించిన రబ్బరు. వీటి పద్ధతి మిగతా వాటికి పూర్తిగా భిన్నం. రెండు వైపులా పూయాలి. పది పదిహేను నిమిషాలు విడివిడిగా ఆరనివ్వాలి. వేలితో తాకితే జిగటగా అనిపించాలి, వేలికి మాత్రం అంటకూడదు. అప్పుడు కలిపి ఒక్కసారి గట్టిగా నొక్కాలి. తడిగా ఉండగానే కలిపేస్తే ద్రావకం లోపల చిక్కుకుపోయి ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. ఈ బంక పట్టడం లేదని చెప్పేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. ఇంకో మాట: ఒకసారి తగిలిందంటే జరపడం కుదరదు. సరిగ్గా చూసుకుని కలపాలి.

పీవీసీ పైపులకి వాడే సాల్వెంట్ సిమెంట్ అసలు అతికించదు. ప్లాస్టిక్ పైపొరను కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. ఇక సిలికాన్ గాలిలోని తేమతో పైనుంచి లోపలికి మెల్లగా రబ్బరులా మారుతుంది. అది సందు మూసే పనికి, కదిలే అతుకులకి.

చెక్క పనిలో: తెల్ల ఫెవికాలా, ఎస్‌ఆరా?

కుర్చీ కాలు, మంచం పట్టె, డ్రాయరు పెట్టె లాంటి చెక్కకి చెక్క అతుకు అయితే రెండో ఆలోచన అక్కర్లేదు, తెల్ల ఫెవికాలే. దానికి కావాల్సింది ఒత్తిడి. పల్చగా పూసి, కలిపి, క్లాంపు బిగించి ఎనిమిది పది గంటలు వదిలేయాలి. పూర్తి బరువు మరుసటి రోజు వేయాలి. క్లాంపు లేకపోతే పాత సైకిల్ ట్యూబును పొడవుగా కోసి, లాగిపట్టి గట్టిగా చుట్టండి. వంకర తిరిగిన కుర్చీ కాళ్లకి క్లాంపు కంటే ఇదే బాగా కూర్చుంటుంది. ఫెవికాల్‌కి సందు నింపే శక్తి లేదు. కుర్చీ కూసం (రంధ్రంలో దిగే చెక్క మొన) వదులైతే జిగురు నింపి లాభం లేదు, సన్నని చెక్క పేళ్లు జిగురులో ముంచి దూర్చాలి. తలుపు బందుల స్క్రూ రంధ్రం పెద్దదైపోయినా అంతే. తలలు తీసేసిన అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి రంధ్రం నిండా కూరి, ఆరాక విరిచేసి స్క్రూ బిగిస్తే కొత్త చెక్కలో బిగించినట్టే ఉంటుంది.

పాత జిగురు ఉన్న అతుకు మీద కొత్త ఫెవికాల్ పట్టదు. వేడి నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి గుడ్డతో తడిపితే పాత తెల్ల జిగురు మెత్తబడుతుంది. గీకేసి, చెక్క పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి.

మామూలు ఫెవికాల్ నీళ్లకి ఆగదు. సింకు కింద అర, బాత్రూమ్ తలుపు, వాన జల్లు కొట్టే కిటికీ లాంటి చోట్ల ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునే రకం వాడమని కార్పెంటర్‌కి ముందే చెప్పండి. పని అయ్యాక ఏది వాడారో చూసి తెలుసుకోవడం కష్టం, కాబట్టి డబ్బా మీరే కొని ఇవ్వడం మేలు.

సన్‌మైకా దగ్గర ఈ రెండిటికీ నిజమైన పోటీ ఉంది. తెల్ల ఫెవికాల్‌తో అంటిస్తే రాత్రంతా బరువు పెట్టాలి లేదా టేపు, మేకులతో పట్టి ఉంచాలి, పని నెమ్మది. ఎస్‌ఆర్‌తో అయితే అప్పటికప్పుడు పట్టేస్తుంది. కార్పెంటర్లు హడావిడిలో ఎస్‌ఆర్ వైపు మొగ్గడానికి కారణం అదే. కానీ రబ్బరు బంక వేడికి మెత్తబడుతుంది. పొయ్యి పక్కన, ఎండ పడే గోడకి ఆనుకున్న బీరువా తలుపుకి కొన్నాళ్లకి ఉబ్బులు రావచ్చు. పెద్ద, చదునైన పలకలకి నా ఓటు తెల్ల ఫెవికాల్‌కే. గుండ్రంగా తిరిగే అంచులకి, స్పాంజి, రెక్సిన్ అంటించడానికి ఎస్‌ఆర్. ఎస్‌ఆర్‌తో అంటించిన పలకను తీయాల్సివస్తే హెయిర్ డ్రయ్యరుతో వేడి చేస్తే సులువుగా లేస్తుంది.

గాజు, పింగాణీ, రాయి, స్టీలు: ఫెవిక్విక్కా, అరాల్డైటా?

ఇక్కడ ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ముక్క చిన్నదా, అంచులు సందు లేకుండా కూర్చుంటున్నాయా, అది షోకేసులో కదలకుండా ఉండేదా? మూడిటికీ అవును అయితే ఫెవిక్విక్ చాలు. పింగాణీ బొమ్మ చెవి, ఫ్రిజ్ మాగ్నెట్ లాంటివి. ఒక్కటి కాదన్నా అరాల్డైట్‌కి వెళ్లండి. దేవుడి పటం వెనక కొక్కెం, పూలకుండీ, గ్రానైట్ అంచు నుంచి ఊడిన పెచ్చు, ఇత్తడి దీపం కుందె వదులవడం, ఇవన్నీ అరాల్డైట్ పనులు.

అరాల్డైట్‌లోనే రెండు రకాలు కనిపిస్తాయి. మామూలుది రాత్రి వేస్తే తెల్లారేసరికి గట్టిపడుతుంది. ఐదు నిమిషాల్లో పట్టేది, పారదర్శకంగా ఉండేది ఇంకోటి. తొందర లేకపోతే నెమ్మది రకమే కొనండి. పట్టూ, నీటిని ఓర్చే గుణమూ దానిలోనే ఎక్కువ. చేత్తో పట్టుకుని ఉండక తప్పని ముక్కలకి మాత్రమే ఐదు నిమిషాలది.

జిగురు కంటే ముందు చేసే పని ఇక్కడ ఫలితాన్ని నిర్ణయిస్తుంది. వంటింటి స్టీలు మీద కనపడని నూనె పొర ఉంటుంది. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచి, ఉప్పు కాగితంతో గీతలు పడేలా రుద్దాలి. నున్నగా మెరిసే చోట ఎపాక్సీకి పట్టు దొరకదు. రుద్దాక వేళ్లతో తాకకండి, చేతి జిడ్డు చాలు పట్టు చెడటానికి.

కాఫీ కప్పు పిడి అతికించి మళ్లీ కాఫీ తాగొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దనే నా సలహా. ఇళ్లలో వాడే ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది, పిడి మీద పడేది మరిగే కాఫీ బరువు. పెన్నులు పెట్టుకోవడానికి ఉంచుకోండి. ఆవకాయ జాడీ కూడా అంతే. మూత మీది బుడిపె విరిగితే అతికించుకోవచ్చు. జాడీ ఒంటికే పగులు వస్తే ఉప్పు, నూనె, పులుపు నెలల తరబడి ఆ అతుకును తాకుతూ ఉంటాయి. అందులో ఊరగాయ పెట్టకండి.

కళ్లజోడు దగ్గర ఫెవిక్విక్ వాడొద్దు. అది గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం మీద తెల్లని మసకగా పేరుకుంటుంది. రాళ్ల నగల్లో రాయి ఊడినా అదే గొడవ, మెరుపు పోతుంది. రాళ్లకి బి-7000 అనే పారదర్శకమైన గమ్ము సన్నని ముక్కు ట్యూబులో దొరుకుతుంది. ఆరాక కాస్త సాగే గుణం ఉంటుంది కాబట్టి నగ కదిలినా రాయి నిలుస్తుంది.

ప్లాస్టిక్: ముందు అడుగున ఉన్న అంకె చూడండి

డబ్బు, శ్రమ ఎక్కువగా వృథా అయ్యేది ప్లాస్టిక్ దగ్గరే. బకెట్లు, మగ్గులు, కుర్చీలు, నీళ్ల ట్యాంకులు ఎక్కువగా పాలీప్రొపిలీన్ లేదా పాలీఎథిలీన్‌తో చేస్తారు. వాటి మీద జిగురు తామరాకు మీద నీటిబొట్టులా నిలుస్తుంది. తడపలేదు కాబట్టి పట్టలేదు. ఫెవిక్విక్, అరాల్డైట్, ఎమ్‌సీల్ ఏదైనా సరే, ఎండిన పొరను గోటితో లేపేయొచ్చు.

వస్తువు అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 2, 4 పాలీఎథిలీన్, 5 పాలీప్రొపిలీన్. ఈ మూడిటిలో ఏది కనిపించినా జిగురు ఆలోచన మానుకోండి. కుర్చీ వీపు చీలితే పగులుకి రెండు వైపులా వేడి చేసిన సూదితో రంధ్రాలు చేసి రాగి తీగతో కుట్టేయండి. పగులు చివర ఒక చిన్న గుండ్రని రంధ్రం చేస్తే అది ఇంకా పాకదు. సోల్డరింగ్ ఐరన్‌తో అదే రకం ప్లాస్టిక్ ముక్కను కరిగించి నింపడం ఇంకో దారి. గాలి ఆడే చోట చేయండి, ఆ పొగ పీల్చకూడదు. కుర్చీ కాలు విరిగితే మాత్రం ఏ మరమ్మతూ నమ్మొద్దు, దాని మీద మనిషి కూర్చుంటాడు. మేడ మీది నల్ల ట్యాంకు కారితే ప్లాస్టిక్ వెల్డింగ్ చేసేవాళ్లను పిలవాలి. ఎమ్‌సీల్ ముద్దలు పెట్టుకుంటూ పోతే ఎండకి ట్యాంకు సాగి, రాత్రికి ముడుచుకుని వాటిని వదిలించేస్తుంది.

రిమోట్లు, పిల్లల ఇటుకల బొమ్మలు, మిక్సీ బాడీ లాంటి గట్టి మెరిసే ప్లాస్టిక్ చాలావరకు ఏబీఎస్. వాటికి ఫెవిక్విక్, అరాల్డైట్ రెండూ బాగానే పడతాయి. స్క్రూ పట్టే చిన్న గొట్టం విరిగితే ఒక ఉపాయం: ఫెవిక్విక్ చుక్క వేసి దాని మీద చిటికెడు వంట సోడా చల్లితే వెంటనే రాయిలా గట్టిపడి విరిగిన చోటు నిండుతుంది. కొంచెం కొంచెంగా పొరలు పొరలుగా కట్టుకుంటూ రావచ్చు. అప్పుడు వేడి, ఘాటైన ఆవిరి వస్తాయి, ముఖం దగ్గర పెట్టుకోకండి.

థర్మోకోల్‌కి తెల్ల ఫెవికాల్ ఒక్కటే నమ్మకం. ఫెవిక్విక్, రబ్బరు బంక తగిలితే గుంటలు పడి కరిగిపోతుంది. స్కూలు ప్రాజెక్టు ముందు రోజు రాత్రి మొదలుపెడితే ఫెవికాల్ ఆరదని టెన్షన్ పడతారు. గుండుసూదులు గుచ్చి వదిలేస్తే పొద్దునకి నిలుస్తుంది.

చెప్పులు, బూట్లు

చెప్పు నడిచిన ప్రతి అడుగుకీ వంగుతుంది. పెళుసుగా గట్టిపడేది ఏదైనా అక్కడ ఓడిపోతుంది, కాబట్టి ఫెవిక్విక్ వద్దు, అరాల్డైట్ కూడా వద్దు. రబ్బరు బంకే సరైనది. దుమ్ము కడిగి, పూర్తిగా ఎండబెట్టి, రెండు వైపులా ఉప్పు కాగితంతో రుద్ది, పల్చగా పూసి, ఆరనిచ్చి, కొంచెం వేడి గాలి తగిలించి కలిపి, సుత్తితో తట్టాలి. ఒక రాత్రి బరువు కింద పెట్టి ఉంచండి. సోలు అంచు మొత్తం విడిపోతే జిగురుతో పాటు కుట్టు కూడా వేయించాలి. వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయనకి ఇస్తే ఇంట్లో చేసుకున్న దానికంటే ఎక్కువ కాలం వస్తుంది, ఖర్చూ పెద్దగా ఉండదు. ముందే ఫెవిక్విక్ పోసి తీసుకెళ్తే మాత్రం ఆయనకి ఆ పొర గీకడమే పెద్ద పని అవుతుంది.

బొమ్మల కొలువు బొమ్మలు

సంక్రాంతికో దసరాకో పెట్టె తెరిస్తే ఏదో ఒక బొమ్మ చేయి విరిగి కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన మరమ్మతు ఇదే, తొందరపడకూడనిదీ ఇదే.

కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి చెక్కతో చేస్తారు. చాలా తేలిక, మెత్తన. చేతులు, తల, కాళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంటే ఆ బొమ్మకి పుట్టుకతో వచ్చిన జిగురు చెక్కతో పాటు కదిలే మెత్తనిది. ఫెవిక్విక్ వేస్తే ఆ మెత్తటి చెక్క దాన్ని లోపలికి పీల్చేసుకుంటుంది, అతుకు దగ్గర ఏమీ మిగలదు. పైగా చుట్టూ రంగు మీద తెల్లని మచ్చ పడుతుంది. తెల్ల ఫెవికాల్‌లో సన్నని రంపపు పొట్టు కలిపి ముద్దగా చేసి అతికించండి. మక్కుకి అది దగ్గర చుట్టం. పెచ్చు లేచిన చోటు కూడా దాంతోనే నింపి, ఆరాక రుద్ది రంగు వేసుకోవచ్చు.

మట్టి బొమ్మ అయితే విరిగిన ముఖం మీద ముందు నీళ్లు కలిపిన పల్చని ఫెవికాల్ ఒక పూత పూసి ఆరనివ్వాలి. పొడి మట్టి రాలడం ఆగుతుంది. తర్వాత చిక్కని ఫెవికాల్‌తో అతికించండి. వేలు, కిరీటం లాంటి ముక్క పోయి ఉంటే ఎమ్‌సీల్ ముద్దతో కొత్తగా చేసి పెట్టొచ్చు. రెండు ముద్దల రంగూ ఎక్కడా చారలు లేకుండా ఒకటయ్యే దాకా పిసకడం మర్చిపోకండి.

నీళ్ల చోట: ఎమ్‌సీలా, సిలికానా, సాల్వెంట్ సిమెంటా?

పైపు ఏదో చూస్తే జవాబు వచ్చేస్తుంది. తెల్లటి లేదా బూడిదరంగు యూపీవీసీకి దాని సిమెంటు, గీజరు లైనులో ఉండే సీపీవీసీకి సీపీవీసీ సిమెంటే కావాలి. వేడి నీళ్ల లైనులో మామూలు పీవీసీ సిమెంటు వేస్తే అతుకు ఎంతో కాలం ఆగదు. పైపు తిన్నగా కోసి, నూగు తీసి, తుడిచి, రెండిటికీ పూసి, దూర్చేటప్పుడు పావు చుట్టు తిప్పి అర నిమిషం పట్టుకోండి. నీళ్లు వదిలే ముందు డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. మర ఉన్న కుళాయికి ఏ జిగురూ వద్దు, టెఫ్లాన్ టేపు చుట్టాలి.

ఇనుప పైపు చెమ్మగిల్లుతుంటే ఎమ్‌సీల్ పనికొస్తుంది. కారుతుండగా మాత్రం పెట్టొద్దు. నీళ్లు ఆపి, తుప్పు గీకి, ఎండబెట్టాకే.

సింకుకి, గ్రానైట్‌కి మధ్య సందు సిలికాన్ పని. అక్కడ ఎమ్‌సీల్ పెడితే వేడి నీళ్లు, చన్నీళ్లు పడి సింకు కదిలినప్పుడల్లా పగుళ్లిస్తుంది. సిలికాన్ సాగుతుంది. రెండు రకాలున్నాయి: పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది, రానిది. వెనిగర్ వాసనది గాజుకి, టైల్‌కి బాగుంటుంది, చవక కూడా. దాన్ని నిలువుటద్దం వెనక వాడితే వెనకాల ఉన్న వెండి పూత తినేసి నల్ల మచ్చలు వస్తాయి. అద్దానికి, లోహానికి న్యూట్రల్ అని రాసి ఉన్నదే అడగండి. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, పూర్తిగా బ్లేడుతో గీకాల్సిందే. దాని మీద రంగు కూడా నిలవదు.

ఊడిన టైల్‌కి వీటిలో ఏదీ కాదు. ఇప్పుడు ఇళ్లలో వేసే విట్రిఫైడ్ టైల్స్ నీటిని అర శాతం కూడా పీల్చవు. వట్టి సిమెంటు పాలు వాటిని పట్టుకోలేవు, అందుకే తడితే డొల్ల శబ్దం వస్తుంది. టైల్ అడ్హెసివ్ అని సంచుల్లో దొరుకుతుంది, చిన్న ప్యాకెట్లు కూడా ఉంటాయి. వెనకున్న పాత సిమెంటు మొత్తం కొట్టేసి అదే వాడండి.

కాగితం, గుడ్డ, గోడ

పాత పుస్తకాలకి, పెద్దవాళ్ల ఉత్తరాలకి ఫెవికాల్ పూయకండి. ఒకసారి ఎండితే కాగితం చిరగకుండా తీయలేం. మైదా ఉడికించిన జిగురు తడిపితే మళ్లీ వదులుతుంది, కాబట్టి విలువైన కాగితానికి అదే మంచిది. పూర్వం బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లలు తిరిగే ఇంట్లో కలపకండి. ఏ రోజుకారోజు కొంచెమే ఉడికించుకోండి.

నూలు గుడ్డ మీద, దూది మీద ఫెవిక్విక్ పడకూడదు. చర్య చాలా వేగంగా జరిగి పొగ, చర్మం కాలేంత వేడి పుడతాయి. గుడ్డకి ఉతికినా ఆగే ఫాబ్రిక్ గ్లూ వేరే ఉంది.

గోడకి అంటించే హుక్కులకి రెండువైపుల టేపు బాగానే ఉంటుంది, టైల్ మీద అయితే. సున్నం, డిస్టెంపర్ గోడల మీద టేపు పట్టుకునేది రంగు పొరనే. బరువు వేలాడదీస్తే పొరతో సహా ఊడి వస్తుంది. అక్కడ డ్రిల్లు చేసి ప్లగ్గు పెట్టించడమే దారి.

జిగురు వేయకూడనివి

గ్యాస్ పైపు, రెగ్యులేటరు, కుక్కరు మూత, కుక్కరు పిడి, హెల్మెట్, నిచ్చెన, ఫ్యాను రెక్క, ఊయల కొక్కెం. వీటిలో ఏది పగిలినా మార్చడమే. హెల్మెట్‌కి జిగురులోని ద్రావకం తగిలినా పెంకు బలహీనపడుతుంది, పైకి మాత్రం బాగున్నట్టే కనిపిస్తుంది.

ఇంట్లో ఏవి ఉంచుకోవాలి?

ఒక చిన్న తెల్ల ఫెవికాల్ డబ్బా, ఒక నెమ్మది రకం అరాల్డైట్ జత, ఒక చిన్న రబ్బరు బంక ట్యూబు, రెండు మూడు అతి చిన్న ఫెవిక్విక్ ట్యూబులు, ఒక ఉప్పు కాగితం. మిగతావి పని పడినప్పుడు కొనుక్కోవచ్చు. ఫెవిక్విక్ పెద్ద సీసా కొనొద్దు. విప్పాక గాలిలోని తేమకే గడ్డకడుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా త్వరగా. విప్పిన ట్యూబును గాలి చొరని డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లంతో పాటు పెడితే కొంత కాలం వస్తుంది. ఆ డబ్బాని మందుల అరలో మాత్రం పెట్టకండి. చిన్న ట్యూబు కంటి చుక్కల మందులా కనపడి, మసక వెలుతురులో కంట్లో వేసుకున్నవాళ్లు ఉన్నారు. అలా జరిగితే రెప్పలు లాగి తెరవకుండా, గోరువెచ్చని నీళ్లతో కడుగుతూ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వేళ్లు అంటుకుంటే లాగకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించినట్టు విడదీయండి, లేదా అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రాయండి. రబ్బరు బంక, సాల్వెంట్ సిమెంటు వాడేటప్పుడు పొయ్యి, అగరొత్తులు ఆపి, కిటికీలు తెరవండి. పని కాగానే మూత బిగించి పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి.